నమ్మకండి, నమిలి చూడండి

నిన్న మిర్యాలగూడల బియ్యం బస్తాల నడుమ నా ఇజ్జత్ మొత్తం పోయింది. చాయ్ తాగుకుంట వినుండ్రి, నవ్వితే మాత్రం ఊకోను!

నా పని మీకు తెల్సుగదా. ఆన్‌లైన్ల అమ్మే సామాన్ల ఫోటో కింద నాలుగు తియ్యటి మాటలు రాసిచ్చుడు. సూర్యాపేటల ఇంట్లనే కూసోని చీరలకు రాసిన, కుక్కర్లకు రాసిన. కాని నాకు ఎవ్వల మీదా నమ్మకం ఉండది. పాలాయన పోసినంక నురుగు దిగేదాంక గిన్నె తీయను. గసుంటిదాన్ని "నూటికి నూరుపాళ్లు స్వచ్ఛం" అని రాయాల్నంటే చెయ్యెట్ల వస్తది?

మూడు వారాల కింద మిర్యాలగూడ మిల్లు సేటు ఫోన్ చేసిండు. "మేడం, పాత బియ్యం పది కిలోల బస్తాలు ఆన్‌లైన్ల పెట్టినం. ఎవ్వలు కొంటలేరు. జర మంచిగ రాయుండ్రి. ఇది నడిస్తే మా మిల్లు రాతపని మొత్తం మీకే." పర్మినెంట్ పని! ఎవ్వలు ఇడుస్తరు?

మస్తు ఆలోచించిన. మన దిక్కు బియ్యం ఎట్ల కొంటరు? దుకాణంల పిడికెడు తీసి, అరచేతుల రుద్ది, రెండు గింజలు నోట్లేసుకుంటరు. పటుక్కుమంటే పాతయి, మెత్తగుంటే కొత్తయి. మరి ఫోన్ల బియ్యం ఎట్ల నములాలె? అందుకే రాసిన: "మమ్మల్ని నమ్మకండి! బస్తా విప్పండి. రెండు గింజలు నమిలి చూడండి. అనుమానం వస్తే వాపస్ పంపండి."

సేటు జర నసిగిండు. "విప్పినంక గూడ వాపస్ తీస్కోవాల్నా మేడం?"

"సేటూ, లోకమంత నా అసుంటి అనుమానపోళ్లే. సూడుండ్రి ఎట్ల పోతయో."

ఇంట్ల మా అత్తమ్మకు గూడ చదివి వినిపించిన. మూతి తిప్పింది.

వారం తిరగకముందే బస్తాలన్నీ ఖతం! ఆ ఖుషీల కోదాడల మా తల్లిగారింటికి పోయి నాలుగు రోజులుండి వచ్చిన.

నిన్న పొద్దున మళ్ల ఫోన్. "మేడం, పోయిన బస్తాలు పోయినట్టే వాపస్ వస్తున్నయ్. మీ రాత చేయబట్టే ఇదంత. ఇగ మీకు పని ఎట్లియ్యాలె?"

నా రాతనా! ముందు కోపమొచ్చింది, ఎనుకనే డౌటొచ్చింది. పాతయని చెప్పి సేటు కొత్త బియ్యం కలిపిండు, తప్పు నా మీదికి తోస్తున్నడు. దొరకబట్టాలె! బస్సెక్కి మిర్యాలగూడల దిగి, సీదా మిల్లుకు పోయిన. కుర్చీ చూపిస్తే గూడ కూసోలే. వాపసొచ్చిన ఒక్కో బస్తాలకెళ్లి రెండేసి గింజలు తీసి నమిలిన. పటుక్! ఇంకోటి. పటుక్! పన్నెండు బస్తాలు చూసిన. దవడ గుంజింది గాని ఒక్క కొత్త గింజ దొరకలే. హమాలీలు పని ఆపి నన్నే చూస్తున్నరు. ఒకాయన జాలిపడి మంచినీళ్లు తెచ్చిచ్చిండు.

"అయిందా మేడం?" అన్నడు సేటు.

"బియ్యం మంచిగనే ఉన్నయ్. మరెందుకు పంపుతున్నరు?" అని అడిగిన.

సేటు ఫోన్ తీసి, వాపస్ పంపినోళ్లు రాసిన కారణాలు చదువబట్టిండు. "ఈమెది కోదాడ. 'బియ్యం బాగానే ఉన్నాయండీ. కానీ అమ్మేవాళ్లే నమ్మొద్దంటున్నారంటే ఏదో ఉండే ఉంటుంది కదా!' ఈయనది తిరుమలగిరి. 'నమిలినం, ఒక పూట వండుకున్నం. అనుమానం తీరలే. ఇంకో బస్తా పంపుండ్రి, సూస్తం.'"

హమాలీలు నవ్వబట్టిరి.

"ఇగ అందరికంటే ముందు వాపసొచ్చింది ఇది. మీ సూర్యాపేటదే మేడం." సేటు గొంతు సవరించుకుండు. "'నమిలిన. మంచిగనే ఉన్నయ్. కాని ఈ మాటలు రాసింది మా కోడలు సుజాత. అది ఉప్పును ఉప్పన్నా నేను నాకి సూస్త.'"

మా అత్తమ్మ! నాకు చెప్పకుంట ముందే ఆర్డరిచ్చి, నేను కోదాడల ఉన్నప్పుడు బస్తా దించుకున్నది, నమిలింది, పంపింది. ఆమెకు రాసుడు రాదు. ఫోన్ల మైకు నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటదని నేర్పిన మహాతల్లిని నేనే!

సేటు నవ్వి నవ్వి కండ్ల నీళ్లు తుడుచుకుంట అన్నడు, "మేడం, మనుషులు నమ్మేటట్టు చెప్తే గిట్ల చెప్పాలె. మీ అత్తమ్మ నంబర్ ఇస్తరా?"

ఇచ్చిన. ఏం చేస్త? ఇయ్యాల పొద్దున్నుంచి మిల్లు రాతపని మా ఇంట్లనే నడుస్తున్నది. అత్తమ్మ మైకుల చెప్తది, నేను తప్పులు దిద్ది కామాలు పెడుత. నేను పెట్టిన ప్రతి కామాను ఆమె పక్కింటి టీచరమ్మతోటి చెక్ చేయిస్తున్నది.