చిన్న తూటా

డాక్టర్ రామకృష్ణారావు ఇంగ్లండులోని కోవెంట్రీలో ముప్పై ఏళ్లు మత్తు డాక్టరుగా పనిచేశాడు. మనుషుల్ని నిద్రపుచ్చి, మళ్లీ లేపి, వాళ్లు కళ్లు నులుముకుని తన మొహం పోల్చుకునేలోపే పక్క థియేటర్‌లోకి వెళ్లిపోయేవాడు. చాక్లెట్ డబ్బాలూ, థాంక్యూ కార్డులూ అన్నీ సర్జన్లకే. ఆయనకంటూ దక్కింది ఒక్క కీత్ స్నేహం.

కీత్ ఊరి బయట గోధుమ వేసి, గొర్రెల్ని పెంచుకునే రైతు. తుంటి ఎముక ఆపరేషన్‌కి ముందు అంతటి మనిషీ వణికిపోతుంటే, రామకృష్ణారావు చెయ్యి పట్టుకుని, చిన్నప్పుడు నరసరావుపేట దగ్గర జొన్నచేలో మంచె ఎక్కి ఒడిసెలతో పిట్టల్ని తోలిన సంగతులు చెప్పాడట. "గురి ఉండేదా?" అని అడుగుతూనే కీత్ మత్తులోకి జారిపోయాడు.

రిటైరయ్యాక కీత్ ఆయన్ని పొలానికి పిలిచాడు. కుందేళ్లు గోధుమ మొలకల్ని మొదలంటా కొరికేస్తున్నాయి. వసంతం వస్తే నక్కలు, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతున్నాయి.

"రైఫిల్ లైసెన్సుకి పెట్టుకో డాక్టర్. నా పొలంలో కాల్చుకోవచ్చని కాగితం రాసిస్తాను."

ఈ మాట ఇంట్లో చెప్పగానే భార్య పద్మిని అన్నం వడ్డిస్తున్న గరిటె ఆపేసింది. గుడ్డు కూడా ముట్టని ఇంట్లో పుట్టిన మనిషి.

"జనాన్ని పడుకోబెట్టింది చాల్లేదుటండీ? ఇప్పుడు కుందేళ్లా?"

"వాటితో ఓ సుఖం ఉందిలే. మళ్లీ లేపక్కర్లేదు."

"నవ్వులాట కాదు!"

కాని ఆయనకు రిటైరయ్యాక మొదటిసారి కళ్లలో వెలుగు వచ్చింది. అది చూసి ఆవిడ కాస్త మెత్తబడింది.

ఇక్కడి పద్ధతి ఏమిటంటే, ఏ సైజు తూటాకి పర్మిషన్ అడిగితే ఆ తూటా పట్టే రైఫిలే కొనాలి. ఎందుకు కావాలో కారణం చెప్పాలి. పోలీసుల తరఫున ఇంటికి వచ్చే మనిషి భార్యతో కూడా మాట్లాడతాడు. ఆవిడ భయమేస్తోందని ఒక్క మాట అంటే అంతటితో సరి. అందుకే రామకృష్ణారావు దరఖాస్తు నింపకముందే ఆవిణ్ణి వెంటబెట్టుకుని తుపాకుల షాపుకి వెళ్లాడు.

షాపాయన ముసలివాడు. కౌంటర్ మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, మందు లేని నమూనా తూటాలు రెండు నిలబెట్టాడు.

"ఇది పాయింట్ వన్ సెవెన్. గుండు బరువు గ్రాము. కుందేలుకి ఇంతకన్నా మంచిది లేదు. గాలి వీస్తే మాత్రం పక్కకి పోతుంది. ఇది హార్నెట్. గుండు దానికి రెండింతల పైన, చప్పుడూ ఎక్కువే. నక్క కూడా ఉందంటున్నారు కాబట్టి నేనైతే ఇదే తీసుకుంటాను. చిన్నదాంతో నక్కని కొట్టాలంటే బాగా దగ్గరికి రానివ్వాలి."

రామకృష్ణారావు చెయ్యి హార్నెట్ మీదికి వెళ్లింది. పద్మిని చిన్నదాన్ని తీసి అరచేతిలో పెట్టుకుంది.

"ఇది చాలదూ? గుండు బియ్యపు గింజలా ఉంది. ఎంత చిన్నదైతే అంత తక్కువ బాధ."

"అలా కాదు పద్మినీ. డోసు తక్కువైతే నొప్పి తగ్గదు. మనిషి కదల్లేడు, నోరు విప్పలేడు, అన్నీ తెలుస్తూనే ఉంటాయి. ముప్పై ఏళ్లూ నేను భయపడింది దానికే."

"మందుకీ తూటాకీ పోలికేవిటండీ! ఆ పెద్దదైతే మాత్రం, ఇంటికొచ్చే పోలీసాయనతో నేను సరేననను."

ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. "పాయింట్ వన్ సెవెన్" అన్నాడు షాపాయనతో. షాపాయన కళ్లజోడు మీంచి ఇద్దర్నీ చూసి, హార్నెట్ తూటా లోపల పెట్టేశాడు.

రెండేళ్లు కుందేళ్లతో బాగానే గడిచింది. మూడో వసంతంలో ఓ సాయంత్రం, ఈదురుగాలిలో, పద్మిని గేటు దగ్గర ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉండగా, పొలం అవతలి గట్టున నక్క కనిపించింది. నోట్లో గొర్రెపిల్ల కాళ్లాడిస్తోంది. దగ్గరికి రానిచ్చే సందు లేదు. ఆయన కాల్చాడు. నక్క దొర్లింది, లేచింది, అరిచింది. పసిబిడ్డ ఏడ్చినట్టున్న ఆ అరుపు పద్మిని చెవుల్లో ఉండిపోయింది. వెనక కాళ్లు ఈడ్చుకుంటూ ముళ్లకంచెలో దూరింది.

ఆయన చీకటి పడేదాకా వెతికాడు. మర్నాడూ వెతికాడు. నాలుగో రోజున కీత్ కుక్క దాన్ని మైలు దూరంలో కాలవలో కనిపెట్టింది.

"అప్పటిదాకా బతికే ఉందా?" అని అడిగింది పద్మిని.

"నిన్నటిదాకా ఉండి ఉంటుంది" అన్నాడు ఆయన.

రైఫిల్ తుడిచి బీరువాలో పెట్టి తాళం వేశాడు. మళ్లీ తియ్యలేదు. నేను ముందే చెప్పానుగా అని ఒక్కసారైనా అనలేదు. అని ఉంటే తను తిరిగి ఏదో ఒకటి అనేసి తేలికపడేదాన్నని ఆవిడ ఎన్నోసార్లు అనుకుంది.

ఐదేళ్ల తర్వాత ఆయనకు క్లోమంలో కేన్సర్ అన్నారు. చివరికి ముందుగదిలో మంచం వేశారు. నొప్పి మందు కొద్దికొద్దిగా ఎక్కించే చిన్న మిషన్ తలగడ పక్కన పెట్టి, కేరళ నర్సమ్మాయి రోజూ వచ్చి చూసి వెళ్లేది.

"డోసు పెంచమంటారా ఆంటీ?" అంది ఒకరోజు.

"పెంచితే మాట్లాడలేరు కదమ్మా. ఇవాళ్టికి ఉన్నదే ఉంచు."

నర్సు ఆయన్నే అడిగింది. ఆయన పద్మిని మొహంలోకి చూశాడు. షాపులో చూసిన చూపే.

"ఇది చాలు" అన్నాడు.

మర్నాడూ అంతే. రెండు రోజులు ఆయన మాట కోసం ఆవిడ కాచుకుని కూర్చుంది. ఆయన చెప్పింది ఒక్కటే: "బీరువా తాళం చెవి... పైన నా పాత పుస్తకాల పెట్టెలో ఉంది. రైఫిల్ పట్టుకుపొమ్మని షాపాయనకి ఫోన్ చెయ్యి."

మూడో మధ్యాహ్నం ఆయన కదలకుండా పడుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుని ఆవిడ దుప్పటి సర్దబోయింది. దుప్పటి రాలేదు. అంచు ఆయన పిడికిట్లో ఉంది. వేలి కణుపులు తెల్లబడి ఉన్నాయి. కళ్లు మూసినా కనుకొలకుల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

అన్నీ తెలుస్తూనే ఉంటాయి.

ఆవిడ ఫోన్ దగ్గరికి పరుగెత్తింది. నర్సు వచ్చేదాకా ఆ పిడికిలి పట్టుకుని, "పెంచమంటానండీ, ఇప్పుడే పెంచమంటాను" అంటూనే ఉంది. డోసు పెంచిన అరగంటకు వేళ్లు వదులయ్యాయి. ఆ రాత్రి గడిచి తెల్లవారాక, నిద్రలోనే పోయాడు.

కర్మకాండలన్నీ అయ్యాక షాపాయన రైఫిల్ తీసుకెళ్లడానికి వచ్చాడు. కాగితాలు చూసుకుని, గొట్టంలోకి తొంగిచూశాడు.

"కొత్తదానిలా ఉంది. ఆ రోజు డాక్టర్‌గారు హార్నెట్ తీసుకుంటారనుకున్నాను నేను."

"తీసుకునేవారే. చిన్నది చాలని నేనే అన్నాను" అంది పద్మిని. "ఆయన తప్పు లేదు. నేనే అన్నాను."

షాపాయన రైఫిల్ గురించే అనుకుని, తల ఊపి, సంచి జిప్పు వేశాడు.