ఎవరిదయ్యా ఈ కథ?

పోయిన వారం ఒక కుర్ర లెక్చరరు ఫోను చేసినాడు. నెల్లూరులో సాహిత్య ఉత్సవమంట, మూడు రోజులంట, దానికొక ప్రత్యేక సంచికంట. "ఆ రోజుల్లో రచయితలంతా కూర్చునే హోటళ్ళ గురించి మీరే రాయాలి సార్. మధురస్మృతులు, నాలుగు పేజీలు చాలు" అన్నాడు. మధురమైనవే కావాలా నాయనా అంటే నవ్వినాడు. వాళ్ళ ఉత్సవంలో ఇరవై రకాల తిండి ఉంటుందని కూడా ఊరించినాడు, నాకు షుగరున్న సంగతి తెలీక. మా గుంపు కూర్చునింది ఒకే ఒక హోటల్లో. ఆ హోటలు గురించి రాయాలంటే అక్క గురించి రాయాలి. అక్క గురించి రాయాలంటే నేను చేసిన వెధవపని గురించి రాయాలి. వేసుకుంటారో, బుట్టలో పడేస్తారో వాళ్ళిష్టం. నేను మాత్రం రాస్తున్నాను.

యాభైల చివర్లో నేను నెల్లూరులో తాలూకాఫీసు గుమాస్తాని. మాది తోటపల్లి గూడూరు పక్కన సముద్రం ఒడ్డు పల్లె. అమ్మా నాయనా ఉప్పు కయ్యల్లో కూలికి పోయేవాళ్ళు. మాది చర్చికి పోయే కుటుంబం గనక దొరసాన్ల బడిలో అక్కకు నాలుగు అక్షరాలు వచ్చినాయి, ఆ అక్షరాలతోనే టీచరుద్యోగం వచ్చింది. నాయన పోయినాడు, వెనకనే అమ్మా పోయింది. నన్ను చదివించింది అక్క. నాకన్నా పదేళ్ళు పెద్దది. పెళ్ళి మాట ఎవరన్నా ఎత్తితే "ముందు వీణ్ణొక దారిలో పెట్టనీండి" అనేది. నేను దారిలో పడేసరికి అడిగేవాళ్ళు లేకుండా పోయినారు. అక్క చేతిరాత చూడాలి మీరు! ఆదివారం చర్చి గోడమీద నల్లబల్ల పైన వాక్యం రాసేది ఆమే. ఆరాధన అయిపోయినా దాన్ని తుడవడానికి ఎవరికీ చేతులు రాక, వచ్చే ఆదివారం దాకా అట్టనే ఉంచేవాళ్ళు.

ఇక హోటలు. రైలుకట్ట దాటినాక, ట్రంకురోడ్డుకు పోయే సందు మొదట్లో ఉండేది. యజమాని ఉడిపి వైపు నుంచి వచ్చినాయన, పొట్టిగా, ఎప్పుడూ తడి తువ్వాలు భుజాన వేసుకుని ఉండేవాడు. నువ్వెవరు, మీరేవిట్లు అని కులం అడిగిన పాపాన పోలేదు, ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. కారం దోశ వేస్తే రోడ్డుమీద పోయేవాడు తుమ్మాల్సిందే. పులిసిన దోశపిండితో వేసే పులిబొంగరాలు పొద్దున ఏడింటికి మొదలైతే ఎనిమిదికి ఖాళీ. ఒక్క కాఫీ తాగి మూడు గంటలు కూర్చున్నా ఆయన విసుక్కోడు. పైగా, వేరే బేరం వస్తే, "అక్కడ సాహిత్యం జరుగుతా ఉంది, మీరీ పక్కకు రండి" అని వాళ్ళను వేరే బల్లకు పంపేవాడు. మాలో కొందరికి ఆ మర్యాద తలకెక్కింది. బస్టాండు దగ్గర ఇంకో మెస్సు ఉండేది, అక్కడ చేపల పులుసు. విప్లవ కవిత్వం రాసేవాళ్ళు అక్కడికి పోయేవాళ్ళు. పులుసు తిన్నాక వాళ్ళ పద్యాల్లో ఆవేశం తగ్గుతుందని మావాళ్ళు, దోశ తిన్నాక మా కథల్లో అసలు ఏమీ మిగలదని వాళ్ళు, ఒకరినొకరు ఎగతాళి చేసుకునేవాళ్ళు. నిజం చెప్పాలంటే రెండూ సరైన మాటలే.

నెలకొక సభ తప్పకుండా జరిగేది. టౌన్‌హాల్లోనో, ఏదన్నా బడి ఆవరణలోనో. అధ్యక్షుడు గంటసేపు మాట్లాడి "నేనెక్కువ మాట్లాడను" అని మళ్ళీ మొదలుపెట్టేవాడు. వందన సమర్పణ చేసేవాడు మైకు వాడికి, బెంచీలు మోసినవాడికి, వాన రానందుకు వరుణుడికి కూడా దణ్ణాలు పెట్టేవాడు. అంతా అయినాక బాదం ఆకులో ఇంత ఉప్మా. అవన్నీ భరించింది ఆ తర్వాత హోటల్లో చేరి, సభలో మాట్లాడిన వాళ్ళందరినీ ఉతికి ఆరేయడానికే. ఇంటికి పోతే అక్క దీపం దగ్గర నోట్సులు దిద్దుకుంటా అడిగేది, "ఏం తిన్నారు? ఎవరేమన్నారు?" అని. అన్నీ చెప్పేవాణ్ణి. నేను మాట మింగేస్తే ఆమెకు తెలిసిపోయేది.

మా గుంపుకు పెద్ద ప్లీడరుగారు. కోర్టులో వాదించింది తక్కువ, హోటల్లో వాదించింది ఎక్కువ. ఆయన మొదలుపెట్టిందే లిఖిత పత్రిక. అచ్చు వేసే స్తోమత మాకెక్కడిది? నెలకు ఒకే ఒక్క ప్రతి, చేత్తో రాసి, దారంతో కుట్టి, హోటలాయన గల్లాపెట్టె పక్కన పెట్టేవాళ్ళం. వచ్చినవాళ్ళు వచ్చినట్టు చదవాలి. కారం చేతులతో ముట్టుకోకుండా ఆయన పక్కనే మేకుకు ఒక తువ్వాలు వేలాడగట్టినాడు. ప్లీడరుగారు పెట్టిన నియమం ఒకటుండేది. ఏ కథ కింద, ఏ పద్యం కింద పేరు ఉండకూడదు. పేరు చూసి మొహమాటపడకుండా తిట్టేదానికి! నెలాఖరు ఆదివారం సాయంత్రం రెండు బల్లలు కలిపి వేసుకుని, ఒక్కొక్కదాన్నీ చీల్చి చెండాడినాక ఆయన అడిగేవాడు, "ఎవరిదయ్యా ఇది?" అని. రాసినవాడు లేచి "నాది" అనాలి. నెలలో ఎక్కువ మెప్పు పొందినవాడికి హోటలాయన తన చేత్తో మలై కాజా తెచ్చి పెట్టేవాడు. రెండేళ్ళలో నాకు ఒక్క కాజా రాలేదు. నా కథ గెజిట్ చదివినట్టు ఉంటుందని ప్లీడరుగారి తీర్పు.

ఈ పత్రికంతా అందంగా తిరగరాసేది ఎవరనుకున్నారు? అక్కే. చిత్తు కాగితాలన్నీ నేను ఇంటికి తెచ్చేవాణ్ణి, ఆమె బడి నుంచి వచ్చి వంట చేసి రాసేది. పేరు లేకపోయినా చేతిరాతను బట్టి పట్టుకుంటారు గదా, అందుకే అందరివీ ఒకే చేత్తో ఉండాలి. వాళ్ళలో ఒక్కరి ముఖం కూడా ఆమె చూడలేదు. అయినా చిత్తు కాగితాలను బట్టే ఎవరు తొందరమనిషి, ఎవరు పిసినారి, ఎవరు భార్యతో తగువాడి రాసినారో చెప్పేసేది. రెండేళ్ళపాటు ఆమె అక్షరాలే చదివినారు వాళ్ళంతా. రాసిపెట్టే ఆ తల్లి ఎవరని ఒక్కడన్నా అడిగింది లేదు. నేనన్నా చెప్పినానా? నేనూ చెప్పలేదు.

ఒక నెల పత్రిక చివర నాలుగు పేజీలు మిగిలినాయి. కుట్టబోతా చూస్తే వాటిలో నేను తేని కథ ఉంది. ఉప్పు కయ్యల్లో పనిచేసే తల్లి. ఒళ్ళంతా ఉప్పు, గుడ్డంతా ఉప్పు. చంటిబిడ్డకు పాలియ్యాలంటే రొమ్ము ముందు మంచినీళ్ళతో కడుక్కోవాలి, లేకపోతే బిడ్డ నోరు పెట్టదు. దానికోసం ఊళ్ళోనుంచి ఒక ముంతెడు నీళ్ళు మోసుకుపోయి గట్టుమీద పెట్టుకుంటుంది. ఆ రోజు ఎండకు తాళలేక పెద్దబిడ్డ ఆ నీళ్ళు తాగేస్తుంది. సాయంత్రం దాకా చంటివాడి ఏడుపు. తల్లి పెద్దదాన్ని కొట్టదు, తిట్టదు. అంతే కథ. చదివి తలెత్తలేకపోయినాను. ఆ చంటివాణ్ణి నేను. నీళ్ళు తాగింది అక్క. ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు.

"ఎట్టుందబ్బయా? బాగలేకపోతే ఆ నాలుగు పేజీలు చించెయ్" అనింది, పొయ్యి దగ్గర్నుంచి ఇటు తిరక్కుండా.

"బ్రమ్మాండంగా ఉందక్కా" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

"మీ ప్లీడరుగారు అడిగితే నాదని చెప్తావా?"

"చెప్పకేం చేస్తాను?"

"అయితే నేనొచ్చి వింటాను."

ముప్పై రెండేళ్ళ మనిషి, పండక్కి కొత్త గౌను అడిగే పిల్ల మాదిరి అడిగింది. హోటల్లో మా బల్ల వెనకనే ఫ్యామిలీ గది ఉండేది, ఆకుపచ్చ తెర కట్టి. మగవాళ్ళ మధ్యలో కూర్చోలేదు గానీ అందులో కూర్చుంటే ప్రతి మాటా వినపడుతుంది. నేను కథ నీదని చెప్తాను, అప్పుడు నిన్ను పిలుస్తాను, నువ్వొచ్చి నమస్కారం పెట్టు అని ఏర్పాటు చేసుకున్నాం. ఆ ఆదివారం చర్చికి కట్టుకున్న తెల్లచీరతోనే వచ్చింది. లోపల కూర్చోబెట్టి కారం దోశ చెప్పి బయటికొచ్చినాను.

ముందు పద్యాలు అయినాయి. రెండు కథలను నలిపి నుసి చేసినారు. తర్వాత ఈ కథ. ప్లీడరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన అట్ట చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. "రెండేళ్ళుగా మనం రాస్తా ఉండేదంతా ఒక ఎత్తు, ఈ నాలుగు పేజీలు ఒక ఎత్తు. ఎవరిదయ్యా ఈ కథ?" అన్నాడు. ఎవరూ లేవలేదు. నేను నోరు తెరవబోయినాను. నిజంగా తెరవబోయినాను, నమ్మితే నమ్మండి. ఆయనే అందుకున్నాడు. "ఉప్పు కయ్యల సంగతి మనలో ఇంకెవరికి తెలుసు? వీడే! చూడండి, సిగ్గుపడి ఎట్ట తల దించుకున్నాడో!" అని లేచొచ్చి నా భుజం మీద చెయ్యి వేసినాడు. రెండేళ్ళు గెజిట్ గెజిట్ అని చంపుకు తిన్న మనిషి చెయ్యి. బల్ల చుట్టూ అందరూ నన్నే చూస్తా ఉన్నారు.

"పెళ్ళయినా కాలేదు, ఆడదాని కష్టం ఇంతగా నీకెట్ట తెలిసిందబ్బయా?" అన్నాడు.

"ఏదో... సార్" అన్నాను.

ఆ రెండు మాటలే నేను అనింది. నాది అనలేదు. అక్కది అని కూడా అనలేదు. హోటలాయన కాజా తెచ్చి పెట్టినాడు. చీ, సిగ్గు లేకుండా దాన్ని తిన్నాను కూడా. తెర వెనకనుంచి దోశ తుంచే చప్పుడు గానీ, గ్లాసు పెట్టే చప్పుడు గానీ రాలేదు. అందరూ పోయేదాకా కదలకుండా కూర్చుని, అప్పుడు లోపలికి పోయినాను. తిననే తినలేదేమో అనుకున్నాను. ప్లేటు ఖాళీగా ఉంది. "దోశ బాగుందిరా" అనింది. ఇంటికి జట్కా ఎక్కినాం. నేనే ఏదో సర్ది చెప్పబోతే, "రేపు బడికి ఇన్‌స్పెక్టరు వస్తాడు, పొద్దున్నే లేపు" అనింది. తిట్టి ఉంటే బాగుండేది. చెంప పగలగొట్టి ఉంటే ఇంకా బాగుండేది.

మరుసటి నెల పత్రిక కూడా తిరగరాసింది. ఆ మరుసటి నెలదీ అంతే. అవే అక్షరాలు, అంతే అందం. కుట్టే ముందు ప్రతిసారీ చివరి పేజీలు తిప్పి చూసేవాణ్ణి, ఇంకొక కథ ఏమన్నా ఉందేమోనని. మిగిలిన పేజీలు మిగిలినట్టే తెల్లగా ఉండేవి. నేను మాత్రం ఆ ఒక్క కథ పేరు చెప్పుకుని పైకొచ్చినాను. సభల్లో వెనక బెంచీ నుంచి ముందు బెంచీకి, ముందు బెంచీ నుంచి వేదిక మీదికి. కావలి కాలేజీలో పిలిచి శాలువా కప్పినారు. రేపు చెప్దాం, ఈ సభ అయినాక చెప్దాం అనుకుంటానే ఏడేళ్ళు గడిపేసినాను.

అరవైల చివర్లో ప్లీడరుగారు పూనుకుని నా కథలు పుస్తకంగా వేయించినాడు. ఆ కథ మొదట ఉండాల్సిందేనని పట్టుబట్టినాడు. అక్కను అడిగితే "వేసుకో. ఇంట్లో ఉంటే చెదలు తింటాయి" అనింది. టౌన్‌హాల్లో ఆవిష్కరణ. అక్క మొదటిసారి సభకు వచ్చి ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చుంది, జుట్టు అప్పటికే సగం నెరిసింది. ఆమెను చూసినాక ఇంక ఆగలేకపోయినాను. మైకు ముందుకు పోయి చెప్పేసినాను. "ఇందులో మొదటి కథ నాది కాదు. మా అక్క రాసింది. ప్రతి అక్షరం ఆమెదే. ఇన్నాళ్ళూ చెప్పకుండా నేను దొంగతనం చేసినాను" అన్నాను.

చప్పట్లు! హాలంతా దద్దరిల్లింది. ప్లీడరుగారు లేచి నన్ను కావిలించుకుని, "చూసినారా! పెంచిన అక్కకు తన మొదటి కథను ధారపోసినాడు. ఇదీ వినయమంటే! ఇదీ సంస్కారమంటే!" అని మైకులో చెప్పినాడు. కాదు సార్, నిజంగా ఆమే రాసింది అని మళ్ళీ అన్నాను. మళ్ళీ చప్పట్లు, ఈసారి ఇంకా ఎక్కువ. మెడలో ఇంకో దండ పడింది.

జట్కాలో అక్కే మాట్లాడింది. సభలో ఆమె పక్క కుర్చీలో కూర్చున్న ఒక పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటా, "ఎంత మంచి మనసమ్మా మీ తమ్ముడిది! రాసింది తానై ఉండి, మీదని చెప్పినాడు" అనిందంట.

"నువ్వేమన్నావక్కా?"

"ఏమంటాను? అవునమ్మా అన్నాను."

అక్క పోయి చాలా ఏళ్ళయింది. నిజం చెప్పేదానికి దేవుడు నాకిచ్చింది ఆ ఒక్క ఆదివారం సాయంత్రమే. ఆ తర్వాత ఇచ్చిన అరవై ఏళ్ళూ, ఎంత గట్టిగా చెప్పినా ఆ నిజం నా గొప్పతనంగా వినపడటానికే సరిపోయినాయి.