టక్కున

మా లెక్కల సారు నోట ఎప్పుడూ ఒకటే మాట: "టక్కున చెప్పాలె." ఎక్కం అడిగి, సుద్దపొడి అంటిన వేళ్లతో చిటిక వేసేవారు. ఆలోగా జవాబు రాకపోతే బెత్తం లేచేది. చెడ్డ మనిషి కాదు. ఎవరికైనా జ్వరమొస్తే భుజాన వేసుకుని దవాఖానకు తీసుకుపోయింది ఆయనే.

నా పక్కన కూర్చునే పిల్లకు నత్తి. "ఎ... ఎర్కనే సార్, నోరు తిరుగుతలేదు" అనేది. ఆ మాట పూర్తయ్యేలోపే దెబ్బ పడేది. ఏడో తరగతి మధ్యలోనే ఆ పిల్ల బడి మానేసింది.

తొంభైల చివర కోస్గిలో నేను పిల్లలకు కంప్యూటర్ నేర్పేదాన్ని. రిటైరైన సారు మనుమరాలిని చేర్పించడానికి వచ్చారు. ఆయనకు లెక్కల ఆట చూపించాను. తెర మీద ఎక్కం కనబడగానే బొమ్మ మనిషి సరైన జవాబున్న రాయి మీదికి దుంకాలి. ఆలస్యమైతే గుంటలో పడతాడు.

"ఎక్కాలు ఎక్కుడంటే గిదేనా బిడ్డా!" అని నవ్వుతూ కూర్చున్నారు.

ప్రతి జవాబూ నోటితో ముందే చెప్పారు. వేలు మాత్రం కీబోర్డు మీద మీట కోసం వెతుక్కునేది. బొమ్మ పడింది. మళ్లీ పడింది. వెనక పిల్లలు కిసుక్కుమన్నారు.

"ఎర్కనే బిడ్డా, చెయ్యి తిరుగుతలేదు" అన్నారు. అంటూనే ఆయన ముఖం మారిపోయింది. మీట మీది నుంచి చెయ్యి తీసేశారు.

"గా నత్తి పిల్ల... ఇప్పుడు ఏడుంది?"

నాకు టక్కున జవాబు రాలేదు. సారు చిటిక వెయ్యలేదు. నా నోటి వంకే చూస్తూ ఆగారు.