పాదుషా తండ్రికి వన్స్‌మోర్

నాకు ఆ పాదుషా అంటే పడదు. పేరు కూడా రాయను. రాస్తే సమాధిలోంచి లేచొచ్చి ఈ కాగితాలు జప్తు చేస్తాడని నా అనుమానం. తక్తు కోసం అన్నదమ్ముల్ని పైకి పంపాడు. కన్నతండ్రిని ఆగ్రా కోటలో పెట్టి తాళం వేశాడు. దర్బారులో పాట మాన్పించాడు. ముసలితనంలో మన దక్కన్ మీద పడి, గోల్కొండ గోడల్ని ఎన్ని ఫిరంగులతో కొట్టినా పగలక, లోపలివాణ్ణి కొనుక్కుని తలుపు తీయించుకున్నాడు. ఇంత చేసి, తీరిగ్గా కూచుని టోపీలు కుట్టుకున్నాడు. అది చూసి “ఎంత నిరాడంబరుడో!” అని మెచ్చుకునేవాళ్లున్నారు. ఊరు తగలబెట్టినవాడు ఇంట్లో గంజే తాగాడని మెచ్చుకున్నట్టుంటుంది.

ఆ మెచ్చుకునేవాళ్లలో మొదటివాడు మా బావగారు, అంటే నా భార్యకి అన్నగారు. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో, లాస్ కొలీనాస్ ఆఫీసుల్లో ఒకదాన్ని ఏలుతున్నారు. ఇల్లు చూస్తే ఎర్రకోట దీనికి అవుట్‌హౌస్ అనిపిస్తుంది. ఆ ఇంట్లో ఏసీ థర్మోస్టాట్‌కి పాస్‌కోడ్ ఉంది. జూలైలో, టెక్సస్ ఎండకి తారురోడ్డు మీద పెసరట్టు కాలే రోజుల్లో కూడా, ఆ కోడ్ భార్యకి చెప్పలేదు. “డిసిప్లిన్ బావా, డిసిప్లిన్. ఆ పాదుషాని చూడు, ఎంపరర్ అయ్యుండి ఖజానాలోంచి ఒక్క పైసా సొంతానికి వాడుకోలేదు,” అంటూ నాకు మంచినీళ్లలో ఐసు వెయ్యకుండా ఇచ్చేవారు.

మా అత్తగారు పోయాక మామగారిని ఆయనే తెచ్చి పెట్టుకున్నారు. మేడ మీద గది. ఆగ్రాలో ఆ తండ్రికి కిటికీలోంచి భార్య సమాధైనా కనిపించేదట. మా మామగారి కిటికీకి హైవే ఫ్లైఓవరు, దాని కింద ఒక కార్‌వాష్ కనిపిస్తాయి. ఆయనకి కారు నడపడం రాదు. ఇర్వింగ్‌లో కారు నడపడం రానివాడికి వేరే కాపలా అక్కర్లేదు, తలుపులు బార్లా తీసి పెట్టినా ఖైదే.

మామగారు ఒకప్పుడు కోస్తా జిల్లాల్లో పద్యనాటకాలు ఆడినవారు. ఆయన రాగం తీస్తే ఇర్వింగ్‌లో మొదలై ఎక్కడో ఇల్లినాయ్‌లోని నేపర్‌విల్‌లో భోజనం చేసి వెనక్కొచ్చేది. అందుకని ఇంట్లో పాడకూడదు, బావగారికి కాల్స్ ఉంటాయి. హార్మోనియం గరాజ్‌లో లాన్‌మోవర్ వెనక్కి చేరింది. శనివారాలు నేను ఆయన్ని ఇండియన్ స్టోర్‌కి తీసుకెళ్లేవాణ్ణి. బెండకాయలకని వెళ్లి, హైవే మీద రెండు కౌంటీలు చుట్టొచ్చేవాళ్లం, రాగం పూర్తవ్వాలి కదా. పక్క లేన్‌లో ట్రక్కులవాళ్లు అంబులెన్సనుకుని దారిచ్చేవారు.

ఆ యేడు మా తెలుగు సంఘానికి సాంస్కృతిక కార్యదర్శి బావగారే. ఉగాదికి ఒక చారిత్రక దృశ్యం వేద్దామన్నారు. ఖైదులో ఉన్న తండ్రి దగ్గరికి పాదుషా వచ్చి ఆభరణాలడిగే ఘట్టం. పాదుషా వేషం ఆయనే. సంగతి తెలిసిన రోజు నుంచి మామగారు గడ్డం గీసుకోవడం మానేశారు. వయసులో ఉండగా నాటక పరిషత్తు పోటీల్లో ఆ తండ్రి వేషం కట్టింది ఆయనే మరి.

బావగారి హాల్లో పాత్రలు పంచేరోజు నేనూ ఉన్నాను.

“ఇంతకీ తండ్రి వేషం ఎవరిదిరా అబ్బాయ్?” అన్నారు మామగారు గడ్డం నిమురుకుంటూ, ఏమీ ఎరగనట్టు.

“ఇళ్లమ్మే రియల్టర్ గారికిచ్చాం నాన్నా. ప్లాటినం స్పాన్సర్ కదా, స్టేజ్ మీద విజిబిలిటీ ఉండాలి.”

“ఆయన పద్యం పాడతారా?”

“పాడేది మీరే. కర్టెన్ వెనక నుంచి. ఆయన లిప్ సింక్ చేస్తారు. మీకు కుర్చీ వేయిస్తాలెండి.”

కుర్చీ వేయిస్తారట! ఆ ఆగ్రా పాదుషా కూడా తండ్రికి కుర్చీ లోటు చేసి ఉండడు.

కారెక్కాక నేను స్టీరింగ్ పిసికేస్తూ అన్నాను, “మనం మానేద్దాం మామగారూ. గొంతు మీదీ, చప్పట్లు రియల్టర్‌వీనా?”

“ఒక్కసారి జనం ముందు ఆ పద్యం పాడాలండీ అల్లుడుగారూ. మళ్లీ ఎప్పుడు దొరుకుతారు జనం?” అన్నారు. “తెర వెనకైతే వాళ్లు కనపడరనుకోండి,” అని కిటికీ వైపు తిరిగారు. ఆ రోజు రాగం తీయలేదు. బెండకాయలు తెచ్చుకుని సరాసరి ఇంటికొచ్చేశాం.

షేర్వాణీ కోసం మా పక్కింటి హైదరాబాదీ సాబ్‌ని అడిగాను. “తీస్కపోండి భాయ్. ఏ వేషానికి?” అన్నాడు. చెప్పాను. “అరె, ఆయనకా! మా ఇంట్ల గూడ ఎవ్వరికి నచ్చడు. బాప్‌ని బంద్ జేసినోడు. డ్రైక్లీనింగ్ చేపిచ్చి ఇయ్యండి,” అన్నాడు.

ఉగాది సాయంత్రం, అద్దెకి తీసుకున్న హైస్కూల్ ఆడిటోరియంలో టెక్సస్‌లోని తెలుగువాళ్లందరూ ఉన్నారు. లేనివాళ్లు పులిహోర క్యూలో ఉన్నారు. బావగారు కిరీటంతో, కాలర్ మైకుతో, దీపావళి షాపింగ్‌మాల్‌లా మెరుస్తూ వచ్చారు. రియల్టర్ గారు గొలుసులు కట్టుకుని, నవ్వుముఖంతో, ఓపెన్ హౌస్‌లో నిలబడ్డట్టు ఖైదులో కూచున్నారు. తెర వెనక నుంచి పద్యం లేచింది. బతికుండగానే నన్ను గోరీలో పెట్టి, దానికో కిటికీ కూడా పెట్టించావా నాయనా, అని దాని భావం. పాప్‌కార్న్ నమలడం ఆగింది. వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచి “వన్స్‌మోర్!” అని అరిచాడు. వెంటనే హాలంతా “వన్స్‌మోర్! వన్స్‌మోర్!”

పద్యనాటకంలో వన్స్‌మోర్ అంటే శాసనం. యుద్ధంలో చచ్చిపడ్డ వీరుడైనా లేచి, మట్టి దులుపుకుని, పద్యం మళ్లీ పాడి, మళ్లీ పడి చావాలి. ఈ సంగతి మా బావగారికి తెలీదు. తండ్రి నాటకాలాడే రోజుల్లో ఆయన ఎంట్రన్సులకి బట్టీ పడుతున్నారు. రియల్టర్ గారికి అసలే తెలీదు. తన పని అయిపోయిందనుకుని, గొలుసుల చేత్తోనే నీళ్ల బాటిల్ ఎత్తి గటగటా తాగడం మొదలెట్టారు. తెర వెనక మామగారు, శాసనం ప్రకారం, మళ్లీ రాగం అందుకున్నారు.

ఖైదీ గొంతులోకి నీళ్లు దిగుతున్నాయి, అదే గొంతులోంచి రాగం పైకి లేస్తోంది. హాలు పగలబడి నవ్వింది. పైకప్పు ఒకసారి లేచి మళ్లీ తన చోట కూచుంది.

రాగం తెగిపోయింది. తన పాటకే నవ్వుతున్నారనుకున్నారు పాపం మామగారు. తెర కొంచెం తొలగించి తొంగిచూశారు. నీలం స్వెటర్, స్నీకర్లు, చేతిలో ప్రాంప్టింగ్ కాగితాలు. జనాన్ని చూశారు. చూసినవారు ఇక వెనక్కి పోలేదు. మెల్లిగా నడిచొచ్చి రియల్టర్ పక్కన నిలబడ్డారు.

బావగారు పళ్ల మధ్య నుంచి అన్నారు, “నాన్నా, లోపలికెళ్లండి.”

కాలర్ మైకు ఆ మాటని పులిహోర క్యూ దాకా మోసింది. జనం అది డైలాగే అనుకున్నారు. చప్పట్లు!

“చెప్తున్నానా? ఇక్కడ నేను చెప్పిందే జరగాలి. లోపలికి!”

మళ్లీ చప్పట్లు. మొత్తం నాటకంలో బావగారు సహజంగా పలికింది ఆ ఒక్క డైలాగే.

మామగారు కాగితాలు మడిచి స్వెటర్ జేబులో పెట్టుకున్నారు. “వెళ్తాను నాయనా. వెళ్లక ఎక్కడికి పోతాను, తాళం నీ దగ్గరే ఉందిగా,” అన్నారు. ఇది ఏ నాటకంలోనూ లేదు. ఆ తర్వాత జనం వైపు తిరిగి, వాళ్ల మొహాలు చూస్తూ, పద్యం మొదటినుంచి ఎత్తుకున్నారు. రియల్టర్ గారు మంచివారే. గొలుసులు విప్పి ఆయన చేతికిచ్చి దిగిపోయారు. నా కళ్లలోంచి అప్పుడు కారిన నీళ్లకి ట్రినిటీ నదిలో వరద హెచ్చరిక చేసుంటారు.

ఇంక బావగారిని ఛీకొడతారనుకున్నాను. ఆ వంశం వాళ్లకి అలాంటివి జరగవు. శాలువా ఆయనకే కప్పారు. “ఫాదర్‌ని అలా సర్‌ప్రైజ్‌గా దింపడం ఏం కాన్సెప్ట్ సార్!” అని సంఘం వాట్సాప్‌లో పొగడ్తలు. ఆయన కిరీటం తీయకుండానే “అంతా ముందే ప్లాన్ చేశాం” అని ఒక్కొక్కరికీ జవాబిచ్చారు. లంచమిచ్చి తీయించుకున్న గోల్కొండ తలుపు కూడా చరిత్రలోకి ఇలాగే ఘనవిజయంగా ఎక్కి ఉంటుంది.

ఇక్కడే పుట్టి పెరిగిన ఆయన కూతురు మాత్రం తాతని కావిలించుకుని, “తాతా, నువ్వు సూపర్! డాడ్ యాక్టింగ్ చెయ్యలేదు, ఇంట్లో ఉన్నట్టే ఉంది,” అంది. అది బావగారి చెవిన పడింది. ఆ పాదుషా చివరిదాకా భయపడింది కన్నబిడ్డలకేనంటారు. కొడుకుల్ని కూడా ఖైదులో పెట్టాడు. ఆయన పోయాక వాళ్లూ వాళ్లూ కొట్టుకుని ఆ సామ్రాజ్యాన్ని చిల్లరగా మార్చేశారు. బావగారు కూతురి మొహం చూసి, జీవితంలో మొదటిసారి, కిరీటం తీసి చంకలో పెట్టుకున్నారు.

“వచ్చే ఏడు ఫుల్ నాటకం వేద్దాం నాన్నా,” అన్నారు గొంతు తగ్గించి. “తండ్రి వేషం మీదే.”

మామగారు గడ్డం నిమురుకున్నారు.

“అది నువ్వు వెయ్యరా అబ్బాయ్. ఈసారి పాదుషా వేషం నాది. ముందు గరాజ్‌లోంచి నా హార్మోనియం తియ్యి,” అని నా కారెక్కి కూచున్నారు. “పదండి అల్లుడుగారూ. ఇంకో వన్స్‌మోర్ బాకీ ఉంది.”

హైవే ఎక్కకముందే రాగం మొదలైంది.