నేను ఎక్కితే దగ్గే కారు

నవంబరు 1999, శనివారం. గంగాలిన్ (సిడ్నీకి మూడు గంటల దూరంలో మేముండే ఊరు). హాజరు: నేను, కడప భాయ్, పక్కింటి టోపీ తాత (మధ్యాహ్నం గంటసేపు భోజనానికి సెలవు), భాయ్ గారి ఆకుపచ్చ కారు. రానున్నవారు: భాయ్ భార్య, రేపు ఉదయం, సిడ్నీ విమానాశ్రయం.

ఆ రోజుల్లో కాగితం మీద గళ్ళు గీసి రాసుకుంటే దొరకని తప్పంటూ ఉండదని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి పూర్తిగా నన్నే నిందించకూడదు, నాకు జీతమిచ్చేవాళ్ళు కూడా అదే నమ్మేవారు. ఇంకో నెలన్నరలో రెండువేల సంవత్సరం వస్తుందనీ, కంప్యూటర్లు దాన్ని పంతొమ్మిది వందలుగా పొరబడి ఎక్కడివక్కడ ఆగిపోతాయనీ లోకమంతా కంగారుపడుతున్న కాలం అది. ఆ పొరపాట్లను ముందుగానే పట్టుకోవడం నా ఉద్యోగం. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి, మార్పు చేసిన ప్రతిసారీ పరీక్షించాలి, పరీక్షకు సాక్షి ఉండాలి, సాక్షి చూడనిది జరగనట్టే లెక్క. ఇవి మా ఆఫీసు సూత్రాలు. నేను వాటిని ఇంటికి కూడా తెచ్చుకున్నాను. (పప్పులో ఉప్పు సరిపోయిందని ఇద్దరం రుచి చూసి సంతకాలు పెట్టేవాళ్ళమని భాయ్ ఊరంతా చెప్పేవాడు. రుచి చూసిన మాట నిజం, సంతకాల మాట అబద్ధం.)

భాయ్, నేను ఒకే అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నాకు ముప్పై ఆరు, అతనికి ఇరవై తొమ్మిది. నాది తెనాలి, అతనిది కడప. నన్ను 'అన్నా' అని పూర్తిగా పిలిచే ఓపిక అతనికి ఎప్పుడూ ఉండేది కాదు, 'నా' అనేవాడు. పెళ్ళయిన నాలుగు వారాలకే ఇక్కడికి వచ్చేశాడు. భార్యకు వీసా రావడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో అతను చేసిన ఒకే ఒక దుబారా ఆ కారు. రెండే సీట్లు, బట్ట టాపు, ముక్కు పొడుగు, వయసు దాదాపు అతని వయసే. దానికి ఆనుకుని నిలబడి తీయించుకున్న ఫోటో ఒకటి కడపకు పంపాడు. ఆవిడ ఫోన్లో, "దిగినాక ఆ కార్లోనే ఎక్కుతా, ఇంకేదీ ఎక్కను" అందట. అది విన్న రోజు భాయ్ కారును రెండుసార్లు కడిగాడు. సరిగ్గా ఆవిడ రావలసిన వారంలోనే కారు మిస్సింగు కొట్టడం (నడుస్తూ నడుస్తూ ఇంజను దగ్గడం) మొదలుపెట్టింది.

శనివారం ఉదయం ఎనిమిదింటికి పని మొదలైంది. మరమ్మతు భాయ్‌ది, పద్ధతి నాది. మొదట ప్లగ్గులు నాలుగూ మార్చాం. భాయ్ ఒక్కడే వీధి చుట్టివచ్చి, "సుబ్బరంగా పోతాండాది నా, అయిపాయ!" అన్నాడు. సాక్షి లేడు కనుక అది లెక్కలోకి రాదన్నాను. పుస్తకం, పెన్ను పట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాను. ఆ కారులో కూర్చోవడమంటే రోడ్డు మీద చాప పరుచుకుని కాళ్ళు చాపుకోవడమే. పైగా నాకు అప్పటికింకా డ్రైవింగు రాదు. (లైసెన్సు పరీక్ష మూడుసార్లు తప్పాను. మూడు కాగితాలూ భద్రంగా ఉన్నాయి.) భాయ్ మొదటి రౌండబౌట్ (కూడలి మధ్య గుండ్రటి గడ్డిదిమ్మ) మీదికి అరవైలో వెళ్ళాడు. ఇంజను ఖళ్ళుఖళ్ళున దగ్గి, వెనక సైలెన్సరులోంచి దీపావళి ఔటు పేలినట్టు పేలింది. నేను పుస్తకంలో సమయం, స్థలం, గేరు, వేగం రాసి, 'ఇతరములు' అన్న గడిలో మేమిద్దరం ఏమేమి అన్నామో కూడా రాశాను. ఏది పనికొస్తుందో ముందే ఎవరు చెప్పగలరు?

తరవాత నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు మార్చాం. భాయ్ ఒక్కడే వెళితే దగ్గలేదు, నేను ఎక్కితే దగ్గింది. ప్లగ్గుల వైర్లు మార్చాం, అదే వరస. కార్బురేటరు ఊడదీసి, వంటింటి పళ్ళేల్లో పెట్టి కడిగి బిగించాం, అయినా అదే వరస. పదకొండింటికి భాయ్ స్పానరు కింద పెట్టాడు.

"నువ్వు ఎక్కితేనే దగ్గుతాది నా. నేనొక్కన్నే పోతే ఏం లేదు."

"సాక్షి లేకుండా ఎలా చెబుతావు?"

"నా చెవులు సాక్షి గాదా? నీకేమన్నా దిష్టి ఉందేమో నా, నిమ్మకాయ కడదామా?"

"భాయ్, మనం చదువుకున్నవాళ్ళం" అన్నాను. పుస్తకంలో 'యజమాని ఆరోపణ: తిరస్కరించడమైనది' అని రాశాను.

తిరస్కరించాను గానీ, లోపల తికమక మొదలైంది. దిష్టి కాకపోతే బరువు కావచ్చు. అప్పుడు నా బరువు అరవై రెండు కిలోలు. ఇంట్లో ఇరవై కిలోల సోనామసూరి బస్తాలు మూడు ఉంటే మోసుకొచ్చి సీట్లో పేర్చి, పైన కిలో కందిపప్పు ప్యాకెట్లు రెండు పెట్టి లెక్క సరిచేసి, బెల్టు బిగించాం. బస్తాలు పుస్తకం రాయలేవు కనుక నేను రౌండబౌట్ దగ్గర గడ్డిలో నిలబడి విన్నాను. భాయ్ అరవైలో వచ్చాడు, తిరిగాడు, వెళ్ళిపోయాడు. ఒక్క దగ్గు లేదు. నా స్థానంలో బియ్యం నాకంటే మెరుగ్గా ప్రయాణం చేసింది.

ఈ హడావిడంతా కంచె మీదుగా చూస్తున్న పక్కింటి టోపీ తాత (లారీల మెకానిక్కుగా పనిచేసి దిగిపోయినవాడు, ఇంట్లో కూడా టోపీ తీయడు) ఇక ఉండబట్టలేక వచ్చాడు. నా సీట్లో కూర్చుని, మోచెయ్యి తలుపు మీద వేసుకుని, ఒక చుట్టు తిరిగివచ్చాడు. "బ్యూటిఫుల్ మేట్. దీనికేం జబ్బు లేదు" అన్నాడు ఇంగ్లీషులో. వెంటనే నేను ఎక్కాను. వీధి చివరి దాకా కూడా వెళ్ళకుండానే పేలింది. తాత టోపీ అంచు కింద నుంచి నన్ను తల నుంచి పాదాల దాకా చూసి, "యాభై ఏళ్ళలో ఇలాంటి ప్యాసింజరును చూడలేదు" అని భోజనానికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నమంతా మేము పరీక్షించింది కారును కాదు, నన్ను. గడియారంలో అయస్కాంతం ఉందేమోనని గడియారం తీశాను. దగ్గింది. బెల్టు తీశాను. దగ్గింది. బూట్లు తీసి ఎక్కితే దగ్గు సగానికి తగ్గింది! 'బూట్ల పాత్ర ఉంది. ఏమిటో తెలియదు' అని రాశాను. భోజనం చేసి వచ్చిన తాత నా బూటు ఒకటి తీసుకుని, వంచి, తట్టి, వాసన చూసి, మర్యాదగా నాకే తిరిగి ఇచ్చాడు.

నాలుగింటికి భాయ్ వాకిట్లో కూలబడ్డాడు. చేతులు మోచేతుల దాకా నలుపు.

"ఇంగ చాలు నా. బస్సు టైం కనుక్కో."

"నువ్వొక్కడివే కదా వెళ్ళేది. ఒంటరిగా ఉంటే దగ్గదంటున్నావుగా?"

"పొయ్యేటప్పుడు ఒక్కన్నే. వచ్చేటప్పుడు పక్కన ఆ పిల్ల గూచుంటాది. నీ మాదిరే ఆ పిల్ల ఎక్కితే గూడా దగ్గితే? హైవే మీద మూడు గంటలు, నూటపదిలో లారీల మధ్య ఆగిపోతే?" అని, మళ్ళీ తనే, "ఏడాది నించి ఫోన్లో ఆ కారు గురించే చెప్తాండా నా. వేరే ఏం చెప్పాలో తెలీక. పెండ్లయినాక నాలుగు వారాలే గదా చూసుకునింది" అన్నాడు.

నేను లోపలికి వెళ్ళాను. బస్సు కంపెనీకి ఫోను చేయాలి. కానీ రోజూ సాయంత్రం ఆ రోజు రాతనంతా శుభ్రంగా తిరగరాయకుండా నాకు చెయ్యి వేరే పనికి కదలదు. అందుకని ముందు అదే మొదలుపెట్టాను. 'ఇతరములు' గడి రాస్తుంటే ఒక మాట పదేపదే తగిలింది. 'నేను: అమ్మో. పేలింది.' కింద మళ్ళీ, 'నేను: అమ్మో. దగ్గింది, పేలింది.' అంతవరకు అది దగ్గినందుకు నేను బెదిరాననుకున్నాను. పుస్తకంలో మాత్రం ప్రతిసారీ అమ్మో ముందుంది, దగ్గు వెనక ఉంది. లెక్కపెట్టాను. పన్నెండు అమ్మోలు, పదకొండు దగ్గులు. ఆ ఎక్కువైన అమ్మో ఎక్కడిది? దొరికింది. టాపు తీసి పోతుంటే మాగ్‌పై పిట్ట (గూడు దగ్గరికి వస్తే మనుషుల్ని పొడిచే ఇక్కడి పక్షి) నా నెత్తి మీదికి దూసుకొచ్చినప్పటిది. దాని ఎదురుగా నేనే రాసుకున్నాను: 'రెండు చేతులూ తల మీద, మోకాళ్ళు గడ్డానికి.'

మోకాళ్ళు గడ్డానికి. అంటే ఆ ఒక్కసారి నా పాదాలు కింద లేవు. మిగతా పదకొండు సార్లూ అవి ఎక్కడున్నాయి? వంటింటి కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, భాయ్ అరవైలో రౌండబౌట్ మీదికి వెళుతున్నట్టు ఊహించుకున్నాను. కళ్ళు తెరిచి చూస్తే నా కుడికాలు బిగదీసుకుని బల్లకోడును తన్నిపెట్టి ఉంది. లేని బ్రేకును నేను రోజంతా తొక్కుతూనే ఉన్నాను.

వట్టికాళ్ళతో వాకిట్లోకి పరుగెత్తాను. "భాయ్, ఇంజను స్టార్ట్ చెయ్యి, కదలకు" అని, బూట్లు వేసుకుని కూర్చుని, కాలితో ముందుకు ఒక్క తోపు తోశాను. ఖళ్ళు. వదిలాను, మామూలుగా తిరిగింది. తోశాను, ఖళ్ళు, ఢాం. టోపీ తాత పరుగున వచ్చి నా కాలి కింది తివాచీని పీకాడు. దాని కింద పాత యజమాని ఎవరో దొంగల భయానికి పెట్టించుకున్న ఇంజనును ఆపేసే రహస్య స్విచ్చుకు వెళ్ళే తీగ ఒకటి ఉంది. పైతొడుగు అరిగి, రాగి బయటపడింది. అది కారు రేకుకు తగిలినప్పుడల్లా ప్లగ్గుల్లో నిప్పురవ్వ ఆగిపోతుంది. నేను బూటుకాలితో తొక్కితే (వట్టికాలైతే సగమే) తగులుతుంది, అది దగ్గుతుంది, నేను బెదిరి ఇంకా గట్టిగా తొక్కుతాను, అది పేలుతుంది. తాత ఆ తీగను రెండు కొసలా కత్తిరించి, కొసలకు టేపు చుట్టి, మొత్తం పనిని నాలుగు నిమిషాల్లో ముగించాడు.

భాయ్ నల్లటి చేతులు నడుం మీద పెట్టుకుని నా వైపు తిరిగాడు.

"పొద్దున్నించీ ఏం చెప్తాండా నేను?"

"నేను ఎక్కితేనే దగ్గుతుందని."

"నువ్వేం రాసుకుంటివి?"

"తిరస్కరించడమైనది అని."

"కొట్టేయ్ నా" అన్నాడు. కొట్టేశాను. పక్కన సంతకం కూడా పెట్టాను. ఆ తరవాత నన్ను ఎక్కించుకుని ఆ రౌండబౌట్ చుట్టూ ఆరుసార్లు తిప్పాడు. నేను ఎంత తొక్కినా కారు పట్టించుకోలేదు.

మర్నాడు ఆదివారం, ఉదయం ఆరు గంటలకు భాయ్ కొత్త చొక్కా తొడుక్కుని, అత్తరు పూసుకుని బయలుదేరాడు. ఇంజను చప్పుడు వినిపించినంత దూరం వాకిట్లోనే నిలబడి విన్నాను. పదిన్నరకు ఫోను మోగింది.

"దిగింది నా! ఈడనే నా పక్కనే ఉండాది!"

"కారు?"

"ఒక్కసారి గూడా దగ్గలే." వెనక విమానాశ్రయం మైకు ఏదో చెబుతోంది. "నా... రెండు పెట్టెలుండాయి. బీరువాలంత ఉండాయి. డిక్కీలో స్టెప్నీ టైరుండాది. యాడ పెట్టాల?"

పదహారు పరీక్షలు, మూడు బియ్యం బస్తాలు, ఒక జత బూట్లు. కానీ ఇండియా నుంచి ఏడాది తరవాత కాపురానికి వచ్చే మనిషి చేతిలో పెట్టెలు ఉంటాయని మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. నేను నోరు తెరిచేలోగా ఫోను చేయి మారింది.

"సలాం అన్నా. ఈయప్ప పెట్టెల్ని కార్లో పెట్టుకోని, నన్ను బస్సెక్కమంటాడేమో అని బయపడితి" అంటూ నవ్వింది. "లేదు, పెట్టెల్నే బస్సెక్కిస్తాడంట. సాయంత్రం మీరు పొయ్యి దింపుకోవాలంట. నీలం రంగువి, తాడు కట్టింటాది."

అలాగే అమ్మా అన్నాను. ఫోను పెట్టేసి, రూళ్ళకర్ర తీసి, నిన్నటి పేజీలో కొత్తగా ఒక గడి గీసి, పైన 'పెట్టెలు' అని రాశాను. ఎదురుగా ఏం రాయాలో తోచలేదు. మొన్న పాత డైరీలు సర్దుతూ ఆ పేజీ తీశాను. గీతలు ఎంత సూటిగా ఉన్నాయో! ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. పెన్ను చేతిలోనే ఉన్నా, నింపబుద్ధి కాలేదు.