నూట పది వోల్టుల గిన్నె

మా ఆయన బీరు కాచే గిన్నె నూట పది వోల్టులది. అమెరికాలో ఉన్నప్పుడు కొన్నది. సిడ్నీలోని టూంగాబీకి మారేటప్పుడు దాన్నీ, నా పిండి గ్రైండర్‌నీ వదల్లేక వెంట తెచ్చుకున్నాం. ఇక్కడ గోడలో వచ్చేది రెండు వందల నలభై కనుక రెండింటికీ కలిపి ఒక ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాం. రెండూ ఒకేసారి నడిపితే అది మోయలేదు. ప్రతి శనివారం, ముందు నా ఇడ్లీ పిండి, తరవాత ఆయన బీరు.

ఆయన పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం పద్ధతిగానే జరుగుతుంది. ఆ తరవాతి ఆదివారం ఆయన స్నేహితులను పిలిచి, ఆయన చేసే బీరే పోయాలని నా కోరిక. కాచిన బీరు పులిసి తాగడానికి సిద్ధం కావాలంటే నెల పడుతుంది. ఇంకా ఐదు వారాలు ఉందనగా ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది.

ఆయన స్నేహితుడు ఎలక్ట్రికల్ ఇంజనీరు. వచ్చి చూశాడు.

“గిన్నె బానే ఉంది వదినా. కానీ డైరెక్ట్‌గా గోడకి పెడితే నాలుగింతల పవర్ లాగి అదీ పోతుంది. టూ ఫార్టీది కొనేయండి. టెన్ ఆంప్స్‌ది చాలు, ఈ సాకెట్‌లోనే పనిచేస్తుంది.”

“వద్దు. ట్రాన్స్‌ఫార్మరే ఇంకోటి తెప్పించండి.”

“అమ్మా, వై? ఇట్ టేక్స్ ఫరెవర్ టు బాయిల్,” అంది మా అమ్మాయి.

“నిదానంగా మరగాలనే మీ నాన్న దాన్ని ఉంచుకున్నారు. ఆ రుచి అందుకే.”

స్నేహితుడు నవ్వాడు. “వాడా? ప్రతి శనివారం నాకు ఫోన్ చేసి తిట్టేవాడు. ‘ఇది మరిగేలోపు రిటైరైపోతాన్రా’ అని. కొనవేంరా కొత్తది అంటే, ‘నా గిన్నె మారిస్తే, ఒక్క గ్రైండర్ కోసం ఈ ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా ఎందుకని మీ వదిన గ్రైండర్‌నీ తీసేస్తుంది, అది వాళ్లమ్మ కొనిచ్చింది’ అన్నాడు.”

ఒక్కదాని కోసం అంత డబ్బా దండగ అని నేను ఎప్పుడో అన్న మాట నిజమే. నేను మర్చిపోయాను. ఆయన ఓపిక గురించి ఈ ఏడాదంతా వచ్చినవాళ్లకు చెబుతూనే ఉన్నాను. ఓపిక నిజం. కారణమే నాకు తెలియలేదు.

రెండు వందల నలభైదే కొన్నాం. గ్రైండర్‌కి సరిపడే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వేరే తెప్పించాను. మొన్న శనివారం గరాజ్‌లో రెండూ ఒకేసారి నడిచాయి.

పాత గిన్నె మరగడానికి గంటన్నర పట్టేది. అంతసేపూ నేను మెట్టు మీద కూర్చుని పైకి చదివితే ఆయన వినేవారు. అలవాటుగా ఈసారీ పుస్తకం పట్టుకెళ్లాను. నలభై నిమిషాలకే మరిగింది. అధ్యాయం సగంలో ఉంది. పేజీ మడిచి, లేచి, చేదు కోసం వేసే హాప్స్ వేశాను.