పిట్ట ముట్టిన గడియారం

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నోరు మాత్రం ఉంది, ఆ నోటితోనే చెబుతున్నాను. మా ఆయన సేటు గడియారానికి ఆశపడి కొండ మీద చచ్చాడని మా పెన్‌పహాడ్ నుంచి మిర్యాలగూడ దాకా అంటున్నారు. ఆశపడలేదు. పంపితే పోయాడు. చెప్పాల్సింది ఇంతే. కానీ ఇంత చెబితే ఎవరూ వినడం లేదు, అందుకని మొదటి నుంచీ చెబుతాను.

మా ఆయన మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు సేటు దగ్గర కారు డ్రైవర్. ఆ సేటుకు మంచుకొండల పిచ్చి. ఏటా ఎండలు ముదిరే కాలానికి ఉత్తరాదికి పోయి కొండలెక్కేవాడు. అక్కడి రొట్టెలు ఆయనకు పడవు. అన్నం కావాలి, పచ్చిపులుసు కావాలి, అది మా ఆయన చేతిదే కావాలి. అందుకని కారు నడిపే మనిషిని కొండకు కూడా తోలుకుపోయేవాడు. సేటుకు మెత్తటి బూట్లు, లోపల ఈకలు కూరిన కోటు. మా ఆయనకు సేటు పోయిన ఏడు తొడిగి వదిలేసిన కోటు.

"గాడ బియ్యం ఉడకయే," అని తిరిగొచ్చాక నవ్వేవాడు మా ఆయన. "మిల్లు సేటు ముంగటనే బియ్యం మొండికేస్తయి. అప్పుడు సేటు మొఖం సూడాలె నువ్వు."

ఆ సేటు చేతికొక గడియారం ఉండేది. ఉక్కుది, గుండ్రాయిలా బరువు. నల్లటి ముఖం, చీకట్లో పచ్చగా మెరిసే ముళ్లు. సముద్రం అడుగున కూడా నడుస్తుందట, గడ్డకట్టే చలిలో కూడా ఆగదట. కీ ఇవ్వక్కర్లేదు, సెల్లు వేయక్కర్లేదు, చెయ్యి కదులుతుంటే దానంతట అదే తిరుగుతుందట. అది పెట్టుకుని, చెయ్యి ముందుకు చాపి, వెనక మంచుకొండ కనబడేట్టు ఫోటోలు దిగేవాడు. తీసేది మా ఆయనే. అందుకే ఆ ఫోటోలు ఒక్కదాంట్లోనూ మా ఆయన లేడు.

"టైం ఎంతయిందంటే మాత్రం జేబులకెల్లి ఫోన్ తీసి సూస్తడు," అనేవాడు. మేమిద్దరం నవ్వుకునేవాళ్లం. ఆ గడియారం గురించి మా ఇంట్లో జరిగిన మాటలంటే ఈ నవ్వులే. ఆశ ఎక్కడుంది ఇందులో?

చివరిసారి పోయినప్పుడు కింది డేరాల దగ్గరి నుంచి ఫోన్ చేశాడు. పై డేరాలో పడుకున్నప్పుడు చెయ్యి ఉబ్బుతోందని సేటు గడియారం తీసి తలగడ కింద పెట్టాడట. కిందికి దిగాక యాదికొచ్చిందట.

"నన్ను పోయి తెమ్మంటున్నడు," అన్నాడు.

"ఆయననే పొమ్మను. ఆయన గడియారమేనాయె."

"ఆయనకు మోకాళ్లు గుంజుతున్నయట."

"నీకు దమ్మొస్తుందంటివి కదా మొన్న?"

"వస్తది. అందరికొస్తది గాడ. పోయిన అనేలోపల వచ్చిన అంట. నువ్వు పరేషాన్ గాకు."

అదే ఆఖరి మాట. గడియారం దొరికింది. జారిపడి పోతుందేమోనని చేతికి పెట్టుకుని దిగాడట. దారిలో కూలబడ్డాడు. ఊపిరి అందలేదన్నారు. మోసుకొచ్చిన కూలీలది మన భాష కాదు, వాళ్లను అడుగుదామన్నా నాకు నోరు లేదు.

అంబులెన్సులో ఇంటికి తెచ్చినప్పుడు ఆ చెయ్యి ఉబ్బి, పట్టీ కండలోకి దిగిపోయి ఉంది. గడియారం ముల్లు మాత్రం తిరుగుతూనే ఉంది. తోవ పొడుగునా బండి కుదుపులకు చెయ్యి ఊగింది కదా, అందుకని. నేను శవం మీద పడి ఏడుస్తుంటే నా చెవికి ఆ టిక్ టిక్ వినబడింది. దాన్ని రాయితో కొట్టాలనిపించింది. మా మరిది సబ్బునీళ్లు పోసి, మెల్లగా లాగి, తుడిచి దాచాడు.

ఇక అసలు నాశనం మూడో రోజు జరిగింది.

మా దగ్గర మూడో రోజు పిట్టకు పెడతారు. చచ్చినవాడికి ఇష్టమైనవన్నీ వండి, దహనం చేసిన చోట విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడతారు. ముట్టకపోతే ఆ మనిషికి ఏదో ఆశ మిగిలిందని అర్థం. నాటుకోడి కూర పెట్టాం, అన్నం పెట్టాం, కల్లు పోశాం, బీడీ కట్ట పెట్టాం. కాకులు చెట్టు మీద కూర్చున్నాయి గానీ దిగవు. ఎండ నెత్తికెక్కింది. ముసలోళ్లు గొణగడం మొదలుపెట్టారు.

"కొడుకును సదివిపిస్తమని చెప్పుండ్రి," అన్నారొకరు. చెప్పాం. దిగలేదు.

"వదినెను మంచిగ సూసుకుంట అన్నా," అని మా మరిది చేతులు జోడించాడు. దిగలేదు.

అప్పుడు మా మరిది జేబులోంచి గడియారం తీశాడు. "చేతికి పెట్టుకొనే పోయిండు గదా, దీని మీద పానమున్నదేమో," అని విస్తరి అంచున పెట్టాడు. ఎండకు అది తళుక్కుమంది. ఒక కాకి రయ్యిన దిగి, దాన్ని ముక్కుతో రెండుసార్లు పొడిచి, ఆ తర్వాత కోడికూర తింది.

అందరూ దండాలు పెట్టారు. "గడియారం మీదనే ఉండె ఆశ, పాపం," అన్నారు.

మెరిసేదాన్ని చూస్తే కాకి దిగుతుంది. నా గిన్నెలు బయట తోమి పెడితే స్పూన్లు ఎత్తుకుపోతుంది. ఆ మాట అక్కడే అన్నాను. "ఊకో వదినె, అన్నకు శాంతి దొరికింది," అన్నాడు మరిది. వాడికి అన్నంటే ప్రాణం. ఆ ప్రేమతోనే అన్న పేరు మీద మన్ను పోశాడు. సాయంత్రానికి ఊరంతా, తెల్లారేసరికి మిల్లు దాకా పాకింది: సేటు గడియారానికి ఆశపడి, ఎవరికీ చెప్పకుండా పైకి పోయాడట.

దినాల రోజున సేటు కారులో వచ్చాడు. ఫోటోకు దండ వేసి, మెల్లగా మాట కదిపాడు.

"అమ్మా, ఆ గడియారం మీ దగ్గరనే ఉన్నదటగా."

"ఉన్నది సేటూ, ఇప్పుడే ఇస్త. ఒక్క మాట చెప్పండ్రి. మీరు పంపిన్రా, ఆయనంతట ఆయనే పోయిండా?"

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా?"

"ఇప్పుడే గీడ మంది ఉన్నరు. రేపు నేను ఒక్కదాన్నే ఉంట."

సేటు చుట్టూ చూసి, "లోపలికి రా తల్లీ," అన్నాడు. వంటింట్లో, బియ్యం డబ్బా పక్కన నిలబడి, చాలా చిన్నగా చెప్పాడు.

"నేనే పంపిన. పోతవా అంటే పోతనన్నడు. ఇట్లయితదని నేననుకోలే."

ఆయన కళ్లలో నీళ్లు. దొంగ నీళ్లు కావవి, నిజంవే.

"గిదే మాట బయటికొచ్చి చెప్పండ్రి. గడియారం తీసుకపోండ్రి."

"బయట చెప్తే కేసంటరు, పేపరంటరు. నాకూ పిల్లలున్నరు."

నేను గడియారం కొంగులో ముడేసుకుని అక్కడే నిలబడ్డాను. ఆయన నా కొంగు వంక ఒకసారి చూసి బయటికి నడిచాడు. వాకిట్లో అందరి మధ్య నిలబడి గొంతు పెంచాడు.

"గడియారమంటే ఆయనకు పానమాయె. నాకొద్దు. ఆయన గుర్తుగ మీ ఇంట్లనే ఉంచుకోండ్రి."

"సేటూ!" అని అరిచాను. "లోపల చెప్పిన మాట చెప్పండ్రి!"

నా అరుపు ఎవరికీ పట్టలేదు. "ఎంత పెద్ద మనసు," అంటున్నారు అప్పటికే. ఆడవాళ్లు నన్ను పట్టుకుని కూర్చోబెట్టి నీళ్లు తాగించారు. మొగుడు పోయిన దుఃఖంలో ఏదో అంటోందని సర్దిచెప్పారు. కారు పోయింది.

ఆ తర్వాత పుట్టింటి నిద్రకు కోదాడ తీసుకుపోయారు. మా అన్న గడియారాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పోనీలేమ్మా. ఎంత ఖరీదైందో! ఇంకొకరైతే ఇచ్చేవారా?"

"మీ బావను ఆశపోతు అంటున్నరన్నా."

"ఎంత అన్నా పోయినోడికి వినపడదు కదమ్మా."

నాకు వినబడుతోంది. సూర్యాపేట మార్కెట్ యార్డులో ఒడ్లు ఊడ్చే పనికి పోతున్నాను. అక్కడ ఆడవాళ్లు చాటలతో చెరుగుతూ, "నీ మొగడు గడియారం కోసం పోయిండటనే?" అంటారు. చెబుతాను, ఫోన్లో ఏమన్నాడో మాటకు మాట చెబుతాను. తలూపుతారు. మధ్యాహ్నం అన్నాలప్పుడు ఇంకెవరికో మళ్లీ అదే కథ చెబుతుంటారు, కాకితో సహా. కాకి లేకుండా నేను చెప్పే కథ చప్పగా ఉంటుంది కాబోలు.

నా కొడుకు సూర్యాపేటలోనే మోటార్ల దుకాణంలో పనికి కుదిరాడు. మొన్న ఆ గడియారం చేతికి పెట్టుకుని బయలుదేరాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"నాయినది పెట్టుకుంటే తప్పేందమ్మా?"

"నాయినది కాదురా అది. నాయినను తీసుకపోయింది."

వాడి మొహం చిన్నబోయింది. తండ్రివి వాడికి మిగిలినవి రెండు చొక్కాలు, ఇదీ. కూర్చోబెట్టి మళ్లీ మొత్తం చెప్పాను. బుద్ధిగా విన్నాడు.

"పెట్టుకో," అన్నాను. "ఎవరన్న అడిగితే సేటు పంపిండని చెప్పు. మా నాయిన పంపితే పోయిండని చెప్పు. గంతే."

"సరేనే అమ్మా."

నిన్న యార్డు నుంచి వస్తూ వాడి దుకాణం ముందు ఆగాను. లోపల ఎవరో గిరాకీ వాడి చెయ్యి పట్టుకుని గడియారాన్ని చూస్తున్నాడు. నా కొడుకు నవ్వుతూ చెబుతున్నాడు.

"మా నాయినకు గిదంటే పానం. పిట్టకు పెట్టిననాడు గిది పెడితేనే కాకి ముట్టింది, తెలుసా?"

నేను లోపలికి పోలేదు. వాడు సంతోషంగా చెబుతున్నాడు.